వాచ్ 410 క్యాలరీలు కరిగాయంటోంది.. వాటిని మళ్లీ తినొచ్చా?

సాయంత్రం గంటసేపు నడిచి ఇంటికి వచ్చారు. చేతికున్న వాచ్ ఒకసారి వైబ్రేట్ అయి, రంగురంగుల రింగ్ మధ్యలో 410 క్యాలరీలు అని చూపించింది. ఫోన్‌లో డైట్ యాప్ ఓపెన్ చేస్తే, పొద్దున 1590 ఉన్న లిమిట్ ఇప్పుడు 2000 అయి కూర్చుంది. సరిగ్గా అదే టైమ్‌కి వీధి చివర బండి మీద మిర్చి బజ్జీలు వేస్తున్నారు. యాప్ లెక్క ప్రకారం మీకు ఇంకా 410 మిగిలే ఉన్నాయి. తినాలా, వద్దా?

ఈ ప్రశ్నకి నేను ఆరు వారాలపాటు తప్పు జవాబు చెప్పుకున్నాను. రివ్యూ కోసం ఒక వాచ్ పెట్టుకుని తిరుగుతున్న రోజులవి. అప్పుడు నా బరువు 80 కిలోలు. వారానికి ఆరు రోజులు నడిచాను, వాచ్ ఎంత చూపిస్తే అంత తిన్నాను, ఒక్క రోజు కూడా యాప్ లిమిట్ దాటలేదు. ఆరు వారాల తర్వాత మెషీన్ ఎక్కితే 79.6. అంటే 400 గ్రాములు. మంచినీళ్లు తాగితే పెరిగేంత తేడా అన్నమాట.

ఆ వాచ్ పేరు చెప్పను. తప్పులో దాని వాటా కొంతే. మిగతాది నాది, యాప్‌ది, కొంచెం మా ఇంటి వంటింటి నూనె డబ్బాది కూడా. ఆ లెక్క మొత్తం ఇక్కడ విప్పి చూద్దాం. తర్వాత దీనికి పూర్తిగా రివర్స్‌లో జరిగిన ఇంకో కథ కూడా ఉంది. అది దీనికంటే సీరియస్.

అసలు ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. వాచ్‌లో క్యాలరీ సెన్సర్ అంటూ ఏమీ ఉండదు. వెనక వైపు ఆకుపచ్చ ఎల్ఈడీలు ఉంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం నుంచి తిరిగి వచ్చే కాంతి కొంచెం తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి హార్ట్ రేట్ చెబుతుంది. చెయ్యి ఎలా ఊగుతోందో యాక్సిలరోమీటర్ చెబుతుంది. బయట నడిస్తే స్పీడ్, దూరం జీపీఎస్ ఇస్తుంది. వీటికి మీరు సెటప్ చేసేటప్పుడు ఇచ్చిన వయసు, ఎత్తు, బరువు కలిపి ఒక ఫార్ములాలో వేస్తే బయటికి వచ్చేదే ఆ 410. కొలిచింది కాదు, ఊహించింది. ఆ ఫార్ములా ఏంటో కంపెనీలు పూర్తిగా బయటపెట్టవు.

నిజంగా కొలవాలంటే ల్యాబ్‌లో ముఖానికి మాస్క్ పెట్టి, మీరు ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నారో చూడాలి. ఒక లీటర్ ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. (మనం క్యాలరీ అంటున్నది నిజానికి కిలో క్యాలరీనే. ఫుడ్ ప్యాకెట్ల మీద, యాప్స్‌లో అందరం కిలో తీసేసి మాట్లాడుకుంటాం.) వాచ్ చేసే పనల్లా హార్ట్ రేట్ చూసి ఆక్సిజన్ ఎంత వాడి ఉంటారో అంచనా వేయడమే.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. గుండె వేగం పెరగడానికి ఆక్సిజన్ ఒక్కటే కారణం కాదు. మే నెలలో విజయవాడలో సాయంత్రం నడిస్తే, ఒళ్లు చల్లబరచడానికి రక్తాన్ని చర్మం వైపు పంపాలి కాబట్టి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అదే నడక డిసెంబర్‌లో అయితే తక్కువ. స్ట్రాంగ్ కాఫీ తాగినా, ఆఫీసులో ఎవరితోనో గొడవపడి వచ్చినా అంతే. జిమ్‌లో బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి నెడితే హార్ట్ రేట్ సర్రున లేస్తుంది గానీ, ఖర్చు ఆ స్థాయిలో ఉండదు. పైగా మణికట్టు వంగినప్పుడు సెన్సర్ చర్మం నుంచి కదిలి రీడింగ్ కూడా తేడా వస్తుంది. అందుకే నా వరకు వెయిట్ ట్రైనింగ్ సెషన్ తర్వాత వాచ్ చూపించే క్యాలరీ నంబర్‌ని అసలు పట్టించుకోను.

దీని మీద బాగా పేరొచ్చిన టెస్ట్ 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. 60 మందికి ఆపిల్ వాచ్, ఫిట్‌బిట్ సర్జ్, శామ్‌సంగ్ గేర్ ఎస్2, మైక్రోసాఫ్ట్ బ్యాండ్ లాంటి ఏడు డివైజ్‌లు తొడిగి, నడిపించి, పరిగెత్తించి, సైకిల్ తొక్కించారు. ఏడింటిలో ఆరు హార్ట్ రేట్‌ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. బాగుంది కదా. కానీ క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే బాగా చెప్పిన డివైజ్‌లోనే సగటున 27 శాతం తేడా. అన్నిటికంటే చెత్తగా చెప్పినదానిలో 93 శాతం. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో, శరీర బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో హార్ట్ రేట్ తప్పు కూడా కొంచెం ఎక్కువే కనిపించింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్.

అవి పాత మోడల్స్ కదా అంటారేమో. నిజమే, సెన్సర్లు అప్పటికంటే చాలా మెరుగయ్యాయి. కానీ సెన్సర్ ఎంత మెరుగైనా, హార్ట్ రేట్ నుంచి క్యాలరీకి వెళ్లే దారిలో ఉన్న ఊహ మాత్రం ఊహే. మీ ఒంట్లో కండ ఎంత, మీ గుండె ఎంత ట్రైన్ అయింది అన్నది వాచ్‌కి నేరుగా తెలిసే దారి లేదు.

టోటల్, యాక్టివ్.. ఈ తేడా చాలామందికి తెలియదు

నా 410 దగ్గరికి వద్దాం. అది టోటల్ క్యాలరీ. అంటే నేను ఆ గంట సోఫాలో పడుకుని ఉన్నా ఖర్చయ్యే క్యాలరీలు కూడా అందులో కలిసి ఉన్నాయి. గుండె, మెదడు, కాలేయం ఇవన్నీ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయి కదా. డైట్ యాప్ పొద్దున ఇచ్చిన 1590లో ఆ ఖర్చు ఆల్రెడీ లెక్కేసి ఉంది. కాబట్టి దాన్ని మళ్లీ కలిపితే ఒకే డబ్బుని రెండుసార్లు జీతంలో చూపించుకున్నట్టు.

వాచ్ లేకుండా లెక్క కట్టడానికి ఒక సింపుల్ పద్ధతి ఉంది. దాని పేరు ఎంఈటీ, మెట్ అంటారు. ఊరికే కూర్చుంటే 1 మెట్. 1 మెట్ అంటే కిలో శరీర బరువుకి గంటకి సుమారు 1 క్యాలరీ. ఏ పనికి ఎన్ని మెట్‌లో రాసిన పెద్ద పట్టిక ఒకటి 1993 నుంచి ఉంది, అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తున్నారు. అందులో గంటకి 5 కిలోమీటర్ల వేగంతో చదునైన దారిలో నడకకి 3.5 మెట్. నా బరువు 80. కాబట్టి గంటకి 3.5 ఇంటూ 80, అంటే 280. ఇది టోటల్. ఊరికే కూర్చున్నా అయ్యే 80 తీసేస్తే 200. నడక వల్ల అదనంగా ఖర్చయింది ఈ 200 మాత్రమే.

వాచ్ చెప్పింది 410. నేను తిన్నది 410. అసలు ఖర్చు 200 చుట్టుపక్కల. ఈ పట్టిక కూడా సగటు లెక్కే, ఒక్కొక్కరికీ అటూఇటూ అవుతుంది. అయినా 200కీ 410కీ ఉన్న దూరం అటూఇటూ అనేంత చిన్నది కాదు.

ఆపిల్ వాచ్‌లో వర్కవుట్ అయ్యాక యాక్టివ్, టోటల్ రెండూ విడివిడిగా కనిపిస్తాయి, మూవ్ రింగ్ లెక్క యాక్టివ్‌దే. గార్మిన్ కూడా యాక్టివ్, రెస్టింగ్ వేరుగా చూపిస్తుంది. ఫిట్‌బిట్‌లో రోజు మొత్తానికి కనిపించే నంబర్‌లో మీరు నిద్రపోతూ ఖర్చు చేసినవి కూడా ఉంటాయి. అందుకే అర్ధరాత్రి దాటగానే సున్నా నుంచి మొదలై, మీరు లేచేసరికి ఐదారు వందలు అయి ఉంటుంది. అది చూసి 'నిద్రలో ఇంత కరిగిందా' అని ఆశ్చర్యపడిన ఫ్రెండ్స్ నాకు ఇద్దరున్నారు. తక్కువ ధర బ్యాండ్లలో అయితే ఏది చూపిస్తున్నారో చాలాసార్లు రాసే ఉండదు. తెలుసుకోవడానికి చిన్న ట్రిక్: వర్కవుట్ మోడ్ ఆన్ చేసి, అరగంట కదలకుండా కూర్చోండి. 30, 40 క్యాలరీలు వచ్చాయంటే అది టోటల్ చూపిస్తున్నట్టే.

యాప్ లిమిట్ ఎలా పుట్టింది?

ఇప్పుడు రెండో సగం. ఖర్చయినవి తినాలా వద్దా అన్నది, మీ యాప్ ఇచ్చిన లిమిట్‌లో ఎక్సర్‌సైజ్ ముందే కలిసి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇది తెలుసుకోకుండా 'తినాలి', 'తినకూడదు' అని వాదించుకోవడం వేస్ట్. ఇద్దరూ కరెక్టే అయి ఉండొచ్చు, వాళ్లు వాడుతున్న పద్ధతులు వేరు.

చాలా యాప్స్ 1990లో వచ్చిన మిఫ్లిన్ ఫార్ములా వాడతాయి. మగవాళ్లకైతే బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి కలపాలి. వయసుని 5తో గుణించి తీసేయాలి. చివర్లో 5 కలపాలి. (ఆడవాళ్లకి 5 కలపడం బదులు 161 తీసేయాలి.) నాకు 80 కిలోలు, 172 సెంటీమీటర్లు, 28 ఏళ్లు. లెక్క 1740 వస్తుంది. ఇది రోజంతా పడుకుని ఉన్నా కావాల్సింది. దీన్ని మీ లైఫ్‌స్టైల్‌ని బట్టి ఒక నంబర్‌తో గుణిస్తారు. కూర్చుని చేసే ఉద్యోగమైతే 1.2, ఓ మోస్తరుగా ఎక్సర్‌సైజ్ చేసేవాళ్లకి 1.55, ఇలా.

నేను 1.2 ఎంచుకున్నాను. 2088 వచ్చింది. రోజుకి 500 తగ్గించమంటే 1590 ఇచ్చింది. ఇందులో నా నడక లేదు. కాబట్టి ఇక్కడ నడకకి నిజంగా ఖర్చయినంత తిన్నా, 500 లోటు అలాగే ఉంటుంది. మై ఫిట్‌నెస్ పాల్ లాంటి యాప్స్ ఈ ఐడియా మీదే పని చేస్తాయి: లిమిట్‌లోంచి తిన్నది తీసేసి, ఎక్సర్‌సైజ్ కలుపుతాయి.

అదే నేను 1.55 ఎంచుకుని ఉంటే? 1740 ఇంటూ 1.55, దాదాపు 2700. నడక, జిమ్ అన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడు వాచ్ చూపించినవి మళ్లీ తింటే డబుల్ కౌంటింగ్. నాకు మెయిల్ చేసి 'అన్నా, ఎంత చేసినా తగ్గట్లేదు' అనే వాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. యాప్‌లో 'యాక్టివ్' అని పెట్టుకుంటారు, పైన వాచ్‌ని సింక్ చేస్తారు, దానిపైన మళ్లీ చేత్తో 'ఈవెనింగ్ వాక్' అని ఎంటర్ చేస్తారు. ఒకే నడక మూడుసార్లు!

ఇంకోటి. ఈ ఫార్ములాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల వాళ్ల కొలతల మీద తయారైనవి. మనవాళ్లలో అదే బరువుకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే ధోరణి ఉంది కాబట్టి నిజమైన ఖర్చు ఫార్ములా కంటే కొంచెం తక్కువే ఉండొచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల్లో, కూర్చుని పని చేసే 65 కిలోల మగవాడికి రోజుకి 2110, 55 కిలోల ఆడవాళ్లకి 1660 క్యాలరీలు. మీ యాప్ నంబర్ దీనికి చాలా దూరంగా ఉంటే ఒకసారి ఆగి చూసుకోండి.

నా 400 గ్రాముల పోస్ట్‌మార్టం

ప్లాన్ ప్రకారం వారానికి 3500 క్యాలరీల లోటు ఉండాలి. నడిచిన రోజు 200 బదులు 410 తిన్నాను, అంటే రోజుకి 210 ఎక్కువ. ఆరు రోజులకి 1260.

ఇక నూనె. యాప్‌లో 'బెండకాయ వేపుడు, ఒక కప్పు' అని సెలెక్ట్ చేసేవాణ్ని. ఆ ఎంట్రీ పెట్టినవాళ్లింట్లో నూనె ఎంత వేస్తారో తెలియదు గానీ, మా అమ్మ వేసేది కాదు. ఒకరోజు పక్కన నిలబడి చూశాను. నా వాటాకి వచ్చే నూనెలో రోజుకి కనీసం రెండు టేబుల్ స్పూన్లు నా లెక్కలో లేవు. ఒక టేబుల్ స్పూన్ 14 గ్రాములు, గ్రాముకి 9 క్యాలరీలు, రెండింటికి 250. 'ఏంటిరా, నూనె సీసాకి కాపలా కాస్తున్నావ్' అంది అమ్మ. వారానికి 1750.

3500లోంచి 1260, 1750 తీసేస్తే మిగిలేది 490. ఆరు వారాలకి 2940. కిలో కొవ్వుకి సుమారు 7700 క్యాలరీల లెక్కన భాగిస్తే 380 గ్రాములు. మెషీన్ చూపించింది 400. ఇంత దగ్గరగా కలవడం కొంత లక్ అనుకోండి, కానీ బరువు ఎందుకు కదల్లేదో అర్థం కావడానికి ఇది చాలు. నాకు థైరాయిడ్ ఉందేమో అని అప్పటికే టెస్ట్ కూడా చేయించుకున్నాను. నార్మల్.

ఈ లెక్కలో నేను కలపనిది ఇంకోటుంది. మన శరీరం కూడా ఖర్చు తగ్గించుకుంటుంది. హర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త టీమ్ టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనాన్ని స్టడీ చేసి 2012లో ఫలితాలు చెప్పింది. రోజంతా తిరిగే వాళ్ల ఖర్చు, శరీర సైజుని లెక్కలోకి తీసుకుంటే, అమెరికాలో కూర్చుని పని చేసేవాళ్ల ఖర్చుతో దాదాపు సమానంగా ఉంది! 2021లో 1754 మంది పెద్దవాళ్ల డేటా మీద చేసిన ఇంకో విశ్లేషణలో, శారీరక శ్రమ వల్ల అదనంగా ఖర్చవ్వాల్సిన క్యాలరీల్లో సగటున 28 శాతం శరీరం వేరేచోట పొదుపు చేసేసుకుంటుందని తేలింది. లావుగా ఉన్నవాళ్లలో ఆ పొదుపు ఇంకా ఎక్కువ. కొంత మనం తెలియకుండా చేసేది కూడా ఉంటుంది: పొద్దున పది కిలోమీటర్లు పరిగెత్తినవాడు ఆరోజు లిఫ్ట్ ఎక్కుతాడు, మధ్యాహ్నం కునుకు తీస్తాడు.

అయితే ఒక్కటీ తిరిగి తినకూడదా? ఇక్కడే నేను రెండో తప్పు చేశాను

నా లెక్క తేలాక, ఇంట్లో పెద్ద ఎక్స్‌పర్ట్‌ని అయిపోయాను. మా చెల్లి అప్పుడు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ కోసం ప్రాక్టీస్ చేస్తోంది. 52 కిలోలు. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే స్పీడ్ పెరుగుతుందని దాని నమ్మకం. 'అన్నా, వాచ్ 500 అంటోంది, ఎంత తినాలి?' అని అడిగింది. 'వాచ్‌లన్నీ అబద్ధాలు చెప్తాయి, ఒక్కటి కూడా తిరిగి తినకు, 1400 దాటకు' అన్నాను. గట్టిగా, చాలా కాన్ఫిడెంట్‌గా.

రెండున్నర నెలలు అలాగే చేసింది. మొదట బరువు తగ్గింది, టైమింగ్ కూడా మెరుగైంది. తర్వాత నిద్ర సరిగ్గా పట్టలేదు, మోకాలి కింద ఎముక నొప్పి మొదలైంది, చిన్నదానికే చిరాకు. వరసగా రెండు నెలలు పీరియడ్స్ రాలేదు. అది నాకు చెప్పలేదు, అమ్మకి చెప్పింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, అవసరమైన టెస్టులు రాస్తూనే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: 'రోజుకి ఎంత పరిగెడుతున్నావ్, ఏం తింటున్నావ్?'

దీనికి స్పోర్ట్స్ మెడిసిన్‌లో పేరుంది. రెడ్-ఎస్ అంటారు. అంటే శరీరానికి అందే శక్తి దాని అవసరాలకి చాలకపోవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పేరుతో నివేదిక ఇచ్చింది. లెక్క చాలా సింపుల్: తిన్నదాంట్లోంచి ఎక్సర్‌సైజ్‌కి ఖర్చయినది తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు కాకుండా ఉన్న శరీర బరువుతో భాగించాలి. 45 దగ్గర ఉంటే బాగున్నట్టు. 30 కంటే కిందకి దిగితే హార్మోన్లు, ఎముకలు దెబ్బతినే రిస్క్ పెరుగుతుంది. ఈ 30 అనేది ఆడవాళ్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, గీత గీసినట్టు అందరికీ ఒకేలా ఉండదు. మగవాళ్లకి కూడా ఈ సమస్య వస్తుంది, కాకపోతే పీరియడ్స్ లాంటి అలారం లేదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

చెల్లి లెక్క చూడండి. కొవ్వు పోను బరువు 40 కిలోలు అనుకుందాం. తిన్నది 1400. వాచ్ చెప్పిన 500 తీసేస్తే 900, 40తో భాగిస్తే 22.5. సరే, వాచ్ ఎక్కువ చెప్పింది అనుకుందాం. పరుగుకి వాచ్ లేని లెక్క ఒకటుంది: కిలో బరువుకి, కిలోమీటర్‌కి సుమారు 1 క్యాలరీ. రోజూ 8 కిలోమీటర్లు, 52 కిలోలు, అంటే 416. అప్పుడు కూడా 24.6 వస్తుంది. వాచ్ తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా చెల్లి 30 కిందే ఉంది. 30 అందుకోవాలంటేనే 1600 పైన తినాలి. 45 అందుకోవాలంటే 2200. ఆదివారం 18 కిలోమీటర్లు పరిగెత్తిన రోజు ఒక్క పరుగుకే 900 పైన అయిపోతాయి, అదే 1400 తిన్న రోజు శరీరానికి మిగిలింది ఎంతో మీరే లెక్కేసుకోండి.

వాచ్ నంబర్‌లో తప్పుందని తెలుసుకోవడం వేరు, ఖర్చే లేదనుకోవడం వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను. చెల్లి ఆ ఏడాది హాఫ్ పరిగెత్తలేదు. బాగా తినడం మొదలుపెట్టాక పీరియడ్స్ రెగ్యులర్ అవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

మీ వాచ్‌కి మీ సొంత కరెక్షన్

మరి ఎంత తినాలి? చాలామంది కోచ్‌లు 'సగం తినండి' అంటారు. మొదలుపెట్టడానికి అది మంచి నంబరే. కానీ గ్యాడ్జెట్లంటే ఇష్టం ఉన్నవాళ్లం కదా, మన వాచ్‌ని మనమే క్యాలిబ్రేట్ చేసుకోవచ్చు. నాలుగైదు వారాల ఓపిక కావాలి, అంతే.

మొదటి వారం వదిలేయండి. తిండి తగ్గించిన కొత్తలో నీళ్ల బరువు గబగబా పోతుంది, అది లెక్కని పాడు చేస్తుంది. తర్వాతి నాలుగు వారాలు రోజూ పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసుకుని రాయండి. తిన్నదంతా నిజాయితీగా, ఒకే పద్ధతిలో లాగ్ చేయండి. వాచ్ రోజుకి చూపించిన టోటల్ క్యాలరీలు కూడా.

నా నంబర్లు చెప్తాను. మొదటి వారం సగటు బరువు 79.4, నాలుగో వారం సగటు 78.5. తేడా 0.9 కిలోలు. 7700తో గుణిస్తే 6930. ఇక్కడ ఒక చిన్న మెలిక: నాలుగు వారాలు కదా అని 28తో భాగించకూడదు. మొదటి వారం మధ్య నుంచి నాలుగో వారం మధ్య వరకు ఉన్నది 21 రోజులే. 6930ని 21తో భాగిస్తే రోజుకి 330 లోటు. నేను లాగ్ చేసిన తిండి సగటు 1850. అంటే నా అసలు ఖర్చు 2180. వాచ్ చూపించిన రోజు సగటు 2560.

ఆ 2560లో 1740 కూర్చున్నా అయ్యేది, కాబట్టి వాచ్ ప్రకారం యాక్టివ్ 820. నిజంగా అయింది 2180లోంచి 1740 తీసేస్తే 440. 440ని 820తో భాగిస్తే 0.54. నా వాచ్, నా చేతికి, యాక్టివ్ 100 అంటే నేను 54 అనుకోవాలి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఈ 0.54లో వాచ్ తప్పు ఒక్కటే కాదు, నా ఫార్ములా తప్పు, నేను లాగ్ చేయడంలో చేసే తప్పు, శరీరం చేసే పొదుపు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయక్కర్లేదు. ఒకే వాచ్, ఒకే లాగింగ్ అలవాటు ఉన్నంతకాలం ఈ నంబర్ పని చేస్తుంది. వాచ్ మారిస్తే మళ్లీ లెక్క. ఆడవాళ్లయితే పీరియడ్స్ ముందు నీరు పట్టి బరువు పెరుగుతుంది కాబట్టి, సైకిల్‌లో ఒకే దశలో ఉన్న రెండు వారాల్ని పోల్చుకోవాలి.

7700 అనే లెక్క 1958లో మ్యాక్స్ విష్నాఫ్‌స్కీ అనే డాక్టర్ చెప్పిన 'పౌండ్‌కి 3500' నుంచి వచ్చింది. నెలల తరబడి ముందుకి అంచనా వేయడానికి ఇది పనికిరాదు, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది. నాలుగు వారాలు వెనక్కి చూసుకోవడానికి మాత్రం బాగానే సరిపోతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ: యాప్‌లో సెడెంటరీ అని పెట్టి, వాచ్ సింక్ ఆపేశాను. అరగంట నడకలాంటి చిన్నవాటికి ఏమీ కలపను. గంట దాటిన వర్కవుట్‌కి యాక్టివ్ నంబర్‌లో సగం చేత్తో ఎంటర్ చేస్తాను. చెల్లి లాంటి రన్నర్లకి ఈ రూల్ వర్తించదు. గంటన్నర, రెండు గంటలు పరిగెత్తే రోజు కిలోమీటర్ లెక్క ప్రకారం అయినదాంట్లో దాదాపు అంతా, అదీ ఎక్కువగా అన్నం, అరటిపండు, ఇడ్లీ లాంటి పిండిపదార్థాల రూపంలో, ఆ రోజే తినాలి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఈ ఆర్టికల్ చూసి ఏమీ మార్చొద్దు. ఎక్సర్‌సైజ్ చేసి తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, ముందు డాక్టర్‌ని అడగండి.

సెట్టింగ్స్‌లో రెండు మార్పులు ఇప్పుడే చేసేయండి. ఒకటి, వాచ్ ప్రొఫైల్‌లో బరువు అప్‌డేట్ చేయండి. 80 ఉన్నప్పుడు సెటప్ చేసి ఇప్పుడు 72 ఉంటే, వాచ్ ఇంకా 80 కిలోల మనిషి లెక్కే కడుతోంది, అక్కడే పది శాతం ఎక్కువ. రెండు, యాప్‌లో ఎక్సర్‌సైజ్ ఎక్కడెక్కడి నుంచి వస్తోందో చూసి ఒక్క సోర్స్ ఉంచి మిగతావి ఆపేయండి. తిండి లాగ్ చేసేటప్పుడు బియ్యం, పప్పు పచ్చివి తూచి పచ్చివాటి ఎంట్రీయే ఎంచుకోండి. వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటాయి, వంద గ్రాముల అన్నంలో 130 చుట్టూ. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 528 భారతీయ ఆహార పదార్థాల విలువలు ఉన్నాయి, వాళ్లదే 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్ కూడా ఉంది.

ఇక మా రివ్యూల సంగతి. వాచ్ రివ్యూలలో హార్ట్ రేట్‌కి, జీపీఎస్‌కి, నిద్ర ట్రాకింగ్‌కి మార్కులు వేస్తాం గానీ క్యాలరీలకి ఎందుకు వేయరు అని కొందరు అడుగుతున్నారు. దాన్ని సరిచూడటానికి కావాల్సిన ఆక్సిజన్ మాస్క్ మా దగ్గర లేదు. రెండు వాచ్‌లు రెండు చేతులకి పెట్టుకుని పోలిస్తే తెలిసేది రెండు ఊహల మధ్య తేడా మాత్రమే.